జనవరి ఒకటిన పుట్టినవాళ్ళు

కర్సర్ వెలుగుతోంది, ఆరుతోంది, మళ్ళీ వెలుగుతోంది. దానికేం, ఉద్యోగం పోతుందన్న బెంగ లేదు, రేపు పొద్దున్న ఎవరి ముందూ చేతులు కట్టుకుని నిలబడే పని లేదు, యోసేపు కొట్టబోయే ఒక్క మాట కోసం నల్లటి తెర మీద కాచుకుని కూర్చుంది. కమిట్ అని కొడితే ఖాయం, ఇక ఎవరొచ్చినా మార్చలేరు. రోల్‌బ్యాక్ అని కొడితే ఇప్పటిదాకా జరిగిందేదీ జరగనట్టే. భోజనాల వేళ ఓపీ కౌంటర్ షట్టర్ దించాక మొదలుపెట్టాడు, సాయంత్రం షట్టర్ లేపేలోగా ఈ రెండిట్లో ఏదో ఒకటి కొట్టాలి, ఎందుకంటే ఇలా మధ్యలో వేలాడదీసినంతసేపూ పేషెంట్ల వివరాలుండే టేబుల్‌కి తాళం పడి ఉంటుంది, హాస్పిటల్ మొత్తమ్మీద ఏ కంప్యూటర్లోనూ ఒక్క పేరు తెరుచుకోదు. కలపాల్సిన రికార్డులన్నీ కలిసిపోయాయి. స్క్రిప్టు తన పని తాను చేసుకుని పక్కకి తప్పుకుంది. ఇన్నివేలమంది ఇన్నివేలమందిలోకి కలిసిపోయారు అని కింద ఒక వరసలో చెప్పి ఊరుకుంది. ఖాయం చెయ్యాలా వద్దా అన్నది మాత్రం మనిషికి వదిలింది. మంచిదే, నిందకి మనిషి కావాలి కదా.

బయట మే నెల ఎండ వట్లూరు రోడ్డు మీద తారుని మెత్తబెడుతోంది. లోపల ఈ సర్వర్ల గదిలో యోసేపు స్వెట్టర్ వేసుకుని, చెవులకి మఫ్లర్ చుట్టుకుని కూర్చున్నాడు. జనరల్ వార్డులో జనం అట్టముక్కలతో విసురుకుంటుంటే ఈ ఇనప పెట్టెలకి మాత్రం రాత్రీ పగలూ ఏసీ. భోజనానికి వెళ్ళినప్పుడు సిస్టర్లు నవ్వుతారు, "ఏవండీ యోసేపు గారూ, ఊటీలో వానలు పడుతున్నాయాండీ?" అని. పడుతున్నాయమ్మా, మీరూ రండి, తడుద్దురు గాని అంటాడు. మెళ్ళో కార్డు మీద డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్ అని ఉంటుంది. అంత పొడుగు పేరు ఎవరికి నోరు తిరుగుతుంది? ప్రింటర్లో కాగితం ఇరుక్కున్నా అతన్నే పిలుస్తారు, డైరెక్టరు గారి గదిలో టీవీ రాకపోయినా అతన్నే పిలుస్తారు. అన్నీ సవ్యంగా నడిచినన్నాళ్ళూ ఇతనేం చేస్తున్నాడండీ అంటారు. ఒక్కపూట ఆగితే ఇతనేం చేస్తున్నాడండీ అంటారు. మాట ఒకటే, గొంతు మారుతుంది. ఈ గొంతుల తేడాల్లోనే అతని జుట్టు నెరిసింది.

ఇప్పుడు హాస్పిటల్‌ని పెద్ద కంపెనీ ఒకటి కొనుక్కుంటోంది. రేపు వాళ్ళ మనుషులు వస్తారు. వాళ్ళకి శుభ్రమైన లెక్క కావాలి, ఒక మనిషికి ఒక నంబరు. ఒకే మనిషి రెండుసార్లు కనపడకూడదు. వాళ్ళ తరఫున ముందే వచ్చి కూర్చున్న అమ్మాయి తేజశ్రీ, తాడేపల్లిగూడెం అమ్మాయే, హైదరాబాదులో చదివి ఉద్యోగం చేసి ఇటు వచ్చింది. చెడ్డది కాదు. అదే యోసేపుకి కడుపుమంట. చెడ్డదైతే ఎంత సుళువుగా ఉండేది! నిన్న ఈ గదికే వచ్చి, చలికి చున్నీ భుజాల నిండా కప్పుకుని, ఎంతో మర్యాదగా చెప్పింది. "నాకూ తెలుసండీ యోసేపు గారూ. వాటిల్లో కొందరు నిజంగానే వేరేవాళ్ళు ఉంటారు. కానీ రేపటికి డూప్లికేట్లు కనపడకూడదండీ. తరవాత తీరిగ్గా ఒక్కొక్కటీ విడదీసుకుందాం." కలిపినవి విడదీయడం కుదరదండీ అన్నాడు. మిల్లులో ఇద్దరు రైతుల ధాన్యం ఒకే గోతిలో పోసేశాక ఏ గింజ ఎవరిదో ఎవరు చెబుతారండీ అన్నాడు. ఆమె నవ్వింది. "మీ పోలికలు భలే ఉంటాయండీ. మీకు క్వాలిఫికేషన్ లేకపోయినా మిమ్మల్ని ఉంచి తీరాలని నేను రాసి పంపానండీ." ఆ మాట ఇచ్చినట్టూ ఉంది, లాక్కుంటానన్నట్టూ ఉంది. మీ లాగిన్‌తోనే చెయ్యండి, మీకే అన్ని హక్కులూ ఉన్నాయి కదండీ అని కూడా అంది. ఉన్నాయి. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అతనికి హక్కులున్నాయని ఎవరైనా గుర్తుచేసింది అదే మొదలు.

కలపడానికి వాళ్ళు పెట్టిన నియమం చూస్తే ఎవరికైనా సబబే అనిపిస్తుంది. పేరు ఒకటై, ఇంటిపేరు ఒకటై, పుట్టిన తేదీ ఒకటై, ఫోన్ నంబరు ఒకటైతే మనిషి ఒకటే. ఎక్కడైనా నిజమేనేమో. కొల్లేటి లంకల్లో మాత్రం కాదు. అక్కడ ముసలాళ్ళందరూ జనవరి ఒకటినే పుట్టారు. కౌంటర్లో పిల్ల "పుట్టిన తేదీ చెప్పండమ్మా" అంటుంది, ఆవిడ "ఏదో పెద్ద వరదొచ్చిన ఏడమ్మా" అంటుంది, వెనకాల లైన్లో జనం తోసుకుంటూ ఉంటారు, కంప్యూటరు తేదీ వెయ్యందే ముందుకి కదలదు, పిల్ల ఆవిడ మొహంకేసి ఒకసారి చూసి వయసు ఉజ్జాయింపుగా కట్టి, జనవరి ఒకటి కొట్టి పారేస్తుంది. ఇక ఫోను. మండవల్లి అవతల లంకల నించి వచ్చేవాళ్ళని చంటి తన ఆటోలో తీసుకొస్తాడు, ఫోన్ నంబరు అడిగితే అందరికీ తన నంబరే ఇస్తాడు. ఎందుకురా అంటే, "ఆళ్ళ ఫోన్లకి సిగ్నలుండదండీ, ఉన్నా ఎత్తరండీ, రిపోర్టులొచ్చాయని నాకు చేస్తే నేనెళ్ళి చెప్తానండీ" అంటాడు. నిజంగానే వెళ్ళి చెబుతాడు, అదీ వాడి గొప్ప. అలా కంప్యూటరు లెక్కలో చంటికి ఊరంత కుటుంబం, అందరూ ఒకే రోజు పుట్టినవాళ్ళు. ఇక పేర్లంటారా, కొల్లేటికోట పెద్దింట్లమ్మ తల్లికి మొక్కుకుని కన్న పిల్లలందరూ పెద్దింట్లమ్మలే. ఇంటిపేరు ఊరికంతటికీ ఒకటే.

అలాంటి పెద్దింట్లమ్మలు ఇద్దరు. ఒకావిడ ఇల్లు చెరువు గట్టు మీద, గట్టు పెద్దింట్లు. రెండో ఆవిడ వలలు అల్లుతుంది, వలల పెద్దింట్లు. ఒకే లంక, ఒకే ఇంటిపేరు, ఒకే జనవరి, ఒకే చంటి. గట్టు పెద్దింట్లుకి ఒక రకం ఇంజెక్షన్ పడదు. ఇక్కడే ఒకసారి ఇస్తే ఒళ్ళంతా దద్దుర్లు తేలి గొంతు పూడుకుపోయింది, బతికి బట్టకట్టింది. అప్పటి నించి ఆవిడ పేరు పక్కన ఎర్ర గుర్తు ఉంటుంది. వలల పెద్దింట్లుకి అలాంటిదేమీ లేదు, ఆమె ఈ మధ్యనే వచ్చి వెళ్ళింది, "ఏవైనా మందులు పడవా" అన్న గడిలో లేదు అని ఉంది. ఇద్దర్నీ కలిపితే వెనక వచ్చిన రికార్డే నిలబడుతుంది. అంటే లేదు అన్న మాట నిలబడుతుంది. ఎర్ర గుర్తు పోతుంది. వీళ్ళు ఇద్దరన్న సంగతి యోసేపుకి చంటి వల్ల తెలిసింది. ఎవరి రిపోర్టో ఎవరికో ఇచ్చారని ఒకసారి వాడు పోట్లాటకి వచ్చి, "పెద్దింట్లంటే ఏ పెద్దింట్లండీ బాబూ, గట్టా, వలలా?" అని అరిచాడు. ఆ రాత్రే యోసేపు టేబుల్లో కొత్త కాలమ్ ఒకటి చేర్చాడు, వాడుక పేరు అని. ఎవర్నీ అడగలేదు. అప్పటి నించీ చంటి వచ్చినప్పుడల్లా టీ ఇప్పించి పేర్లు అడిగి నింపుకున్నాడు. గట్టు, వలలు, పడవ, పుంజు, అద్దాలు. ఆ కాలమ్ వార్డు తెరల మీద చూపిద్దామంటే డైరెక్టరు గారు ఒప్పుకోలేదు, హాస్పిటలంటే మర్యాదగా ఉండాలయ్యా, పుంజు గంగరాజు ఏమిటి అన్నారు. తేజశ్రీ పంపిన స్క్రిప్టులో చివరి వరస ఆ కాలమ్‌ని తీసెయ్యడమే.

వట్లూరులో ఒక కాలేజీవాళ్ళు ఆమధ్య అతన్ని పిలిచారు. పిల్లలకి మీ అనుభవం చెప్పండి సార్, డేటాబేస్ పనిలో ఎలా నెగ్గుకురావాలో నాలుగు మాటలు చెప్పండి అన్నారు. సార్ అన్నందుకే చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. తరవాత ఫోన్ వచ్చింది, ఫ్లెక్సీ మీద వెయ్యాలి, మీ క్వాలిఫికేషన్ చెప్పండి సార్ అని. తొమ్మిది పాసండీ అన్నాడు. మళ్ళీ ఫోన్ రాలేదు. వాళ్ళకి చెబుదామనుకున్నవి ఇంకా గొంతులోనే ఉన్నాయి. పొద్దున్న రాగానే టీ కంటే ముందు బ్యాకప్ చూసుకోండి బాబూ. చూసుకోవడమంటే ఫైలుందా లేదా అని కాదు, దాన్ని వేరే మిషన్ మీద తెరిచి, లోపల మనుషులున్నారో లేదో చూడండి, తెరిచి చూడని బ్యాకప్ ఉత్త ఆశ. దేన్నైనా తీసెయ్యబోయే ముందు, తీసెయ్యబోయేదేదో తెర మీద వేసుకుని కళ్ళారా చదవండి. వరసలు చదవకండి, పేర్లు చదవండి. పండగ ముందు రోజు దేన్నీ ముట్టుకోకండి. ఎవరైనా నవ్వుతూ వచ్చి చిన్న పనండీ, నిమిషంలో అయిపోతుందండీ అంటే కుర్చీ ఎక్కడుందో చూసుకుని కూర్చుని ఆలోచించండి. నోటితో చెప్పిన పని చెయ్యకండి, మెయిల్ పెట్టమనండి, పెట్టకపోతే వాళ్ళకీ భయమేనని అర్థం. కాదు అనడం నేర్చుకోండి. అది ఏ సెమిస్టర్లోనూ లేదు. ఇవన్నీ చెప్పాక ఆ పిల్లలు చప్పట్లు కొట్టేవారా, నిద్రపోయేవారా? నిద్రపోయినా బాగుండేది. ఎదురుగా కూర్చున్నవాళ్ళని నిద్రపుచ్చడానికి కూడా అర్హత అడుగుతారని అతనికి తెలీదు.

ఫోన్ మోగింది. ఫీమేల్ వార్డు సిస్టర్. "యోసేపు గారూ, సిస్టం తిరుగుతానే ఉందండీ. పేషెంటు ఓపెనవ్వట్లేదండీ. పెద్దింట్లమ్మ అని, జెల్ల చేప ముల్లు గుచ్చుకుని కాలు వాచిపోయి వచ్చిందండీ, డాక్టరు గారు ఇంజెక్షన్ రాశారు, పడుతుందో లేదో చూద్దామంటే..." యోసేపు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "ఏ పెద్దింట్లమ్మండీ? గట్టా, వలలా?" సిస్టర్ విసుక్కుంది. "మాకు గట్టూ పుట్టా తెలీదండీ బాబూ. పెద్దింట్లమ్మ అంతే." "ఆవిణ్ణి అడగండి, మీ ఇల్లెక్కడమ్మా అని." అవతల ఫోన్ పక్కన పెట్టిన చప్పుడు, ఎవరో మూలుగుతున్న చప్పుడు, జొరంలో ఉందండీ, సరిగా పలకట్లేదండీ అన్న మాట, తరవాత చంటి గొంతు, దూరం నించి, "గట్టు పెద్దింట్లండీ, గట్టు!" అని. "సిస్టర్, ఆగండి. ఆవిడకి ఆ ఇంజెక్షన్ పడదు. డాక్టరు గారికి చెప్పి మార్పించండి. ఇంతకు ముందు ప్రాణం మీదకి వచ్చింది." "అవునాండీ? అమ్మో. సరేనండీ." ఫోన్ పెట్టేసింది. ఇవాళ కుర్చీలో అతనున్నాడు, నోటితో చెప్పాడు. పక్కన చంటి ఉన్నాడు, అరిచాడు. రేపు అతను టీ తాగడానికి వెళ్ళి ఉంటాడు, చంటి ఇంకో బాడుగకి వెళ్ళి ఉంటాడు. తెర మాత్రం ఉంటుంది, తెర మీద లేదు అని ఉంటుంది. ఏ మందైనా పడుతుంది. సిస్టర్ తెరని నమ్ముతుంది. నమ్మాలి కూడా, ఆవిడ తప్పేం లేదు.

తెలుసమ్మా. ఆ మాట ఎక్కడ విన్నాడు? నాకూ తెలుసండీ అని తేజశ్రీ అన్నప్పుడు చెవిలో ఏదో పాతది కదిలింది, అప్పుడు దొరకలేదు, ఇప్పుడు దొరికింది. అతని చిన్నప్పుడు, పెంటపాడు పక్క ఊళ్ళో చర్చి వీధిలో యోసేపులు ఇద్దరు. ఇంటిపేరు ఒకటే, తండ్రులిద్దరూ అబ్రహాములే, బళ్ళో వేసిన రోజున మాస్టారు ఇద్దరికీ ఒకే పుట్టిన తేదీ వేసి చెయ్యి దులుపుకున్నారు. పదో తరగతి పరీక్షకి పేర్లు వెళ్ళినప్పుడు, ఒకే పిల్లాడి పేరు రెండుసార్లు రాశారనుకుని ఎవరో, ఎక్కడో, ఒకటి కొట్టేశారు. హాల్ టికెట్టు ఒకటే వచ్చింది. ఆ యోసేపు రాశాడు. ఈ యోసేపు అమ్మ అచ్చమ్మ మినుము పీకడానికి వెళ్ళాల్సిన పూట కూలి మానుకుని, మంచి చీర కట్టుకుని, కొడుకు చెయ్యి పట్టుకుని హెడ్మాస్టరు ముందు నిలబడింది. "అయ్యా, ఇద్దరండీ. నేను కన్నది ఈణ్ణండీ. ఆణ్ణి ఆళ్ళమ్మ కందండీ." హెడ్మాస్టరు చెడ్డవాడు కాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "తెలుసమ్మా. పైన ఒకటే అనుకున్నారు. వచ్చే ఏడు చూద్దాం." వచ్చే ఏడు యోసేపు తాడేపల్లిగూడెంలో రైసు మిల్లులో బస్తాల మీద రైతుల పేర్లు రాస్తున్నాడు. ఆ మిల్లులోకే మొదటి కంప్యూటరు వచ్చింది, దుమ్ము పడకుండా దానికి దుప్పటి కప్పేవాడు, ఓనరు లేనప్పుడు దుప్పటి తీసి నేర్చుకున్నాడు. అమ్మ మాత్రం చచ్చిపోయేదాకా దారిన పోయే ప్రతివాడికీ చెప్పేది, ఇద్దరండీ, ఇద్దరని నేను చెప్పానండీ అని. అందరికీ తెలుసు. తెలియనివాడు ఒక్కడైనా ఉంటే చెప్పి ఒప్పించుకోవచ్చు. తెలిసినవాళ్ళనే ఏం చెయ్యాలో ఆవిడకి పాలుపోలేదు.

తనకీ తెలుసు. తెలిసి కమిట్ కొడితే తనకీ ఆ కళ్ళజోడు తుడుచుకునే మనిషికీ తేడా ఏముంది? కుర్చీ ఉంటుంది. స్వెట్టర్ ఉంటుంది. ఇంకో పదేళ్ళు ఇతనేం చేస్తున్నాడండీ అనిపించుకోవచ్చు. ఈ వయసులో, తొమ్మిదో తరగతి సర్టిఫికెట్టుతో బయటికి నడిస్తే ఏలూరులో ఇంకెవడు పిలుస్తాడు? చేపల మేత గోడౌన్లో బిల్లులు కొట్టుకోవాలి. కొట్టుకుంటాడు. బస్తాల మీద పేర్లు రాసినవాడే కదా, మళ్ళీ రాస్తాడు. రెండు బస్తాల మీద ఒకే పేరు ఉంటే కింద ఏ ఊరో, ఏ గట్టో కూడా రాస్తాడు, ఎవడు ఆపుతాడో చూద్దాం.

రోల్‌బ్యాక్ అని కొట్టాడు. కొట్టాక మఫ్లర్ విప్పాడు. తెర కాసేపు ఆలోచించింది, అంతమందిని మళ్ళీ ఎవరి చోట వాళ్ళని కూర్చోబెట్టాలి కదా, తరవాత అయిపోయిందని ఒక చిన్న మాట చెప్పింది. గట్టు పెద్దింట్లుని వెతికాడు. ఎర్ర గుర్తు ఉంది. వలల పెద్దింట్లుని వెతికాడు. ఆమె ఆమెగానే ఉంది. అక్కడితో లేచి పోవచ్చు. లేవలేదు. వార్డు తెర మీద పేరు వచ్చేచోట పక్కనే వాడుక పేరు కూడా వచ్చేలా ఎప్పుడో రాసి, బ్యాకప్ తెరిచి చూసుకునే మిషన్ మీద నడిపి చూసి, ఒప్పుకోలేదు గనక మడిచి పెట్టుకున్న నాలుగు వరసలు ఉన్నాయి. వాటిని తీశాడు. ఒకసారి చదివాడు. పేర్లు చదివాడు. నడిపాడు. కర్సర్ మళ్ళీ వెలుగుతూ ఆరుతూ కూర్చుంది. ఈసారి దాన్ని ఎక్కువసేపు కూర్చోబెట్టలేదు. కమిట్.

షట్టర్ లేస్తున్న చప్పుడు గోడల్లోంచి వినపడింది. ఆ వెంటనే వార్డు సిస్టర్ ఫోన్. "యోసేపు గారూ, వచ్చేసిందండీ సిస్టం. ఇదేవిటండీ, పెద్దింట్లమ్మ పక్కన గట్టు అని పడుతోంది?" "అదేనండీ ఆవిడ పేరు." అవతల సిస్టర్ నవ్వుతోంది, ఎవరికో చూపిస్తోంది, ఇటు చూడు, పుంజు గంగరాజంట అని. నవ్వనీ. నవ్వుకుంటూనైనా చదువుతారు.

తలుపు తోసుకుని తేజశ్రీ వచ్చింది. చలికి చేతులు ముడుచుకుంది. "అయిందాండీ?"

"అవలేదండీ."

"అయ్యో. మరి ఎప్పటికవుతుందండీ? రేపు పొద్దున్నే వస్తున్నారు కదా."

"అవదండీ."

ఆమె అతని వంక చూసింది, తెర వంక చూసింది. తెర మీద పెద్దింట్లమ్మలు ఇద్దరూ ఒకరి కింద ఒకరు ఉన్నారు. ఆమెకి అర్థమైంది. అర్థం కానిదెప్పుడు? "నాకు తెలుసండీ యోసేపు గారూ, మీ బాధ నాకు..."

"మీకు తెలుసని నాకూ తెలుసండీ. అందుకే చెయ్యలేదు."

ఆమె చున్నీ భుజాల మీదకి లాక్కుంది. తరవాత ఆమె మెల్లిగా అంది, "ఎవరు ఆపారని అడుగుతారండీ. నేనేం చెప్పమంటారు?"

యోసేపు స్వెట్టర్ విప్పి కుర్చీ వీపుకి తగిలించాడు. మెళ్ళో కార్డు తీసి కీబోర్డు పక్కన పెట్టబోయి, మళ్ళీ మెళ్ళోనే వేసుకున్నాడు. కావలిస్తే వాళ్ళే వచ్చి తీసుకుంటారు.

"యోసేపు అని చెప్పండి." తలుపు దాకా వెళ్ళి ఆగాడు. "ఏ యోసేపని అడుగుతారేమో. సర్వరు యోసేపు అని చెప్పండి. కలిపెయ్యడానికి రెండోవాడు లేడండీ."